రెండంగుళాల లూజు

"ఇందుమూలంగా యావన్మంది ప్రయాణికులకు తెలియజేయునది ఏమనగా, ఇకపై బస్సులలో ఎవరి అంగుళాలలో వారే కూర్చోవలెను. పక్కవారి అంగుళాలలోకి చొరబడినవారు దిగిపోవు పర్యంతం నిలబడవలెను."

ఈ ప్రకటన బస్‌స్టాండు గోడ మీద అంటించిన రోజున, అందరూ దాని ముందు నిలబడి ముక్కున వేలేసుకుంటే, ఎదురు కొట్టులోని టైలరు మాత్రం మిషను ఆపి మరీ ఆనందించాడు. అతని ఆనందానికి తగిన కారణం ఉంది. అతని భార్య ఆసుపత్రిలో ఆయా. పొద్దున్న ఏడు గంటల బస్సులో వెళుతుంది. ఆమె ఎక్కేసరికి సీట్లు నిండిపోయి ఉంటాయి. కొన్ని మనుషులతో, మరికొన్ని మనుషుల మోకాళ్లతో, మిగిలినవి సంచులతో. కాబట్టి పన్నెండేళ్లుగా ఆమె నిలబడే వెళుతోంది. రోజంతా ఆసుపత్రిలో ఎలాగూ నిలబడే పని. మొన్న ఆ ఆసుపత్రి డాక్టరే ఆమె మోకాళ్లు నొక్కి చూసి, "కనీసం బస్సులోనైనా కూర్చోవమ్మా. ఇంకో ఏడాది ఇలాగే నిలబెడితే ఆ తర్వాత ఇవి అసలు నిలబడవు" అని చెప్పేశాడు. అప్పటి నుంచి టైలరుకు గుండెల్లో రాయి పడినట్టే ఉంది.

ప్రకటన వెనక పెద్ద కసరత్తే జరిగింది. రవాణా శాఖ ఉన్నతాధికారి ఏనాడూ బస్సు ఎక్కినవారు కారు. బస్సు ఎక్కనివారికే బస్సు కష్టాలు నిష్పక్షపాతంగా అర్థమవుతాయి కనుక కమిటీకి వారినే అధ్యక్షులుగా వేశారు. చేతులున్న వెడల్పాటి కుర్చీలలో కూర్చుని కమిటీ మూడు వారాలు చర్చించింది. ఇద్దరు కూర్చునే సీటు వెడల్పు ముప్పై ఆరు అంగుళాలని తేలింది. మనిషిని భుజాల దగ్గర కొలవాలా, తుంటి దగ్గర కొలవాలా అన్నది తేలక, ఏది ఎక్కువైతే అదే రాయాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. కొలవడానికి శాస్త్రవేత్త కావాలన్నారు. శాస్త్రవేత్త దొరకలేదు. బస్‌స్టాండు ఎదురుగా టైలరు దొరికాడు.

ప్రారంభోత్సవంలో ఉన్నతాధికారి మైకు పట్టుకున్నారు. "సోదర సోదరీమణులారా! నాగరికత అంటే ఏమిటి? పక్కవాడి మోచెయ్యి మన పక్కటెముకకు తగలకపోవడమే! నేటి నుంచి ప్రతి పౌరుడికీ ఒక కార్డు, ప్రతి కార్డుకూ ఒక కొలత! ఇక మీ తుంటికి మా హామీ!" అన్నారు. చప్పట్లు మోగాయి. టైలరుకు ఒక టోపీ, ఒక రిజిస్టరు, "ఆసన సరిహద్దు కొలతల నిపుణుడు" అనే బిరుదు ఇచ్చారు. రోజూ బస్సులో తిరిగి కొలతలు సరిచూడాలి, రిజిస్టరుకు గాలి ఆడాలి కనుక ఏడు గంటల బస్సులో మొదటి సీటు మొత్తం అతనికే కేటాయించారు.

కొలతలు నెల రోజులు సాగాయి. కొట్టులో "నడుము దగ్గర కాస్త తగ్గించి రాయవయ్యా" అని బతిమాలే పెద్దమనుషులే ఇప్పుడు "ఇంకాస్త వదిలి రాయి, నీకు పుణ్యముంటుంది" అన్నారు. చలి లేకపోయినా ఒకావిడ రెండు స్వెట్టర్లు వేసుకొచ్చింది. ఒక వకీలు గుర్రమెక్కినట్టు కాళ్లు ఎడంగా చాపి కూర్చుని, పుట్టినప్పటి నుంచీ తనది ఇదే భంగిమ అని ప్రమాణం చేశాడు. ఒక గుమాస్తా తన గొడుగును కూడా కొలవమన్నాడు. టైలరు కుదరదంటే, పైకి అర్జీ పెట్టుకుని గొడుగుకు నాలుగంగుళాలు మంజూరు చేయించుకున్నాడు.

తీరా కార్డులు పట్టుకుని జనం ఎక్కిన మొదటి రోజున ఒక చిత్రం జరిగింది. ఆ బస్సులో ఏ ఇద్దరినీ కలిపినా ముప్పై ఆరు దాటిపోతోంది. కండక్టరు ఒక్కో సీటు దగ్గరికీ వచ్చి, "ఇరవై, పంతొమ్మిది. ముప్పై తొమ్మిది. ఒకరు లేవండి" అనడం, ఒకరు లేవడం. చివరికి ప్రతి సీటులోనూ ఒక్కరే మిగిలారు. పక్కన ఖాళీ. తక్కినవారంతా నిలబడ్డారు. నిలబడేవారికి కమిటీ ఏ నియమమూ పెట్టలేదు కనుక, ఒకరి మోచెయ్యి ఒకరి నోట్లో, ఒకరి చెప్పు ఒకరి వేళ్ల మీద పెట్టుకుని, చట్టానికి లోబడి ప్రయాణించారు. సీట్ల తగాదాల పుస్తకంలో ఆ రోజు సున్నా నమోదైంది. నిలబడినవారు ఫిర్యాదు చేద్దామంటే అందుకు ఫారం అచ్చు వేయలేదు.

ఊళ్లో సన్నటివారికి గౌరవం వచ్చింది. పుల్లలా ఉండే ఒక ట్యూషన్ మాస్టారు కార్డు పదహారు. ఇరవై కార్డువారికి సరిగ్గా సరిపోతాడు. ఆయన కోసం స్టాపుల్లో ఎదురుచూసేవారు, "మాస్టారూ, ఇటు! మా ఇంట్లో అందరూ మిమ్మల్ని అడిగారు!" అని చేతులూపేవారు. ఆయన కిటికీ పక్కనైతేనే కూర్చుంటానని బెట్టు చేసేవాడు. కొడుక్కి ఇంత పేరొచ్చిందన్న మురిపెంతో తల్లి రెండు పూటలా దగ్గరుండి తినిపించింది. మూడు నెలల్లో కార్డు పంతొమ్మిదికి మారింది. ఆ తర్వాత ఆయన్ను పలకరించిన నాథుడు లేడు.

ఇంతకీ టైలరు భార్య కార్డు ఇరవై. టైలరుది పద్దెనిమిది. మొదటి రోజే ఆమె మొగుడి సీటు పక్కన కమ్మీ పట్టుకుని నిలబడి, "కాస్త జరుగయ్యా" అంది. అతను కండక్టరు వైపు చూశాడు, రిజిస్టరు వైపు చూశాడు, టోపీ సర్దుకున్నాడు. "మనిద్దరికీ కలిపి ముప్పై ఎనిమిది అవుతోంది. నేనే రూలు తప్పితే లోకం ఏమంటుంది?" అన్నాడు. ఆమె కాలు మార్చి నిలబడింది. ఆ కాలు మార్చడం చూసినప్పుడు అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా లేవలేదు. బిరుదు ఉన్నవాడికి లేవడం అంత తేలిక కాదు.

ఒక ఆదివారం పొద్దున అతను భార్యకు ఆసుపత్రి యూనిఫారం కొత్తది కుట్టి ఇచ్చాడు. ఆమె వేసుకుని చూసుకుంది.

"ఇంత వదులుగా కుట్టావేమయ్యా? ఇందులో ఇంకో మనిషి పడుతుంది."

"రెండంగుళాలు లూజు పెట్టాలే. ఊపిరాడొద్దూ? ఎవరిని కొలిచినా రెండు కలిపే రాస్తాను. ముప్పై ఏళ్ల అలవాటు..."

మాట మధ్యలో ఆగిపోయింది. కత్తెర చేతిలోనే ఉండిపోయింది. బట్టకు పెట్టే లూజు అతను ఊరందరి తుంటికీ పెట్టేశాడు. అది తీసేస్తే భార్యది పద్దెనిమిది, తనది పదహారు. కలిపి ముప్పై నాలుగు. ఇద్దరూ హాయిగా కూర్చుని మధ్యలో టిఫిన్ డబ్బా కూడా పెట్టుకోవచ్చు.

మొగుడి ముఖం చూసి ఆమె లెక్కంతా చెప్పించుకుంది. విని, "అంటే ఇన్నాళ్లూ నేను నీ అలవాటు కోసం నిలబడ్డానన్నమాట" అంది.

మర్నాడు టైలరు ఆఫీసుకు వెళ్లి, చేతులు కట్టుకుని, తప్పంతా ఒప్పుకున్నాడు. ఉన్నతాధికారి వెడల్పాటి కుర్చీలో వెనక్కి వాలి సావధానంగా విన్నారు.

"ఏమయ్యా టైలరూ, వేల కార్డులు అచ్చయ్యాయి. కార్డుల్లో తప్పుందంటే శాఖ తప్పవుతుంది. మనుషుల్లో తప్పుందంటే ఎవరి తప్పూ కాదు. నువ్వెళ్లి నిశ్చింతగా ఉండు."

"మా ఆడది నిలబడుతోందండీ."

"చట్టబద్ధంగానే నిలబడుతోంది కదా! అయినా నీకు సీటుందిగా, నీకేం లోటు?"

సాయంత్రానికి కొత్త ప్రకటన వెలువడింది. కార్డులు సక్రమంగానే ఉన్నందున, ప్రయాణికులు తలా రెండంగుళాలు తగ్గవలసిందిగా కోరడమైనది.

ఆఫీసు మెట్లు దిగుతున్నప్పుడే టైలరుకు ఉన్నతాధికారి చివరి మాట చురుక్కున తగిలింది. నిజమే, తనకు సీటుంది. మర్నాడు ఏడు గంటల బస్సులో భార్య ఎక్కగానే లేచి నిలబడ్డాడు. రిజిస్టరు చంకలో పెట్టుకుని, "కూర్చో" అన్నాడు. బస్సులో అందరూ వింతగా చూశారు. ఆమె కిటికీ పక్కకు జరిగి కూర్చుంది. పన్నెండేళ్లుగా ఆ దారిలో ఆమె చూసినవి జనం వీపులే. ఆ వీపుల అవతల ఒక పూల తోట, రెండు గడియారాల షాపులు, ఒక చక్కటి వంతెన ఉన్నాయని ఆ రోజే తెలిసింది. మోకాళ్ల మీద అరచేతులు పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది. ఆ ముఖం చూస్తే టైలరుకు కళ్లు చెమర్చాయి. ఇన్నాళ్లకు ఒక మంచి పని చేశాననుకున్నాడు.

నాలుగు స్టాపులు గడిచాయి. వెనకవారి మోచెయ్యి వీపులో దిగింది. ముందువారి గొడుగు, ఆ నాలుగంగుళాల గొడుగే, గడ్డం కింద గుచ్చుకుంది. ముప్పై ఏళ్లుగా మిషను తొక్కిన కాళ్లు లాగడం మొదలుపెట్టాయి. అతను వంగి మెల్లగా అన్నాడు.

"కాస్త జరగవే."

ఆమె సంచిలోంచి కార్డు తీసి చూపించింది. "నాది ఇరవై. నీది పద్దెనిమిది. ముప్పై ఎనిమిది అవుతోంది."

"అది లూజు కలిపిన లెక్కే! అసలు ముప్పై నాలుగేనని నీకు చెప్పాను కదా!"

"తెలుసులే" అని ఆమె ఒళ్లోని సంచి తీసి పక్క ఖాళీలో పెట్టుకుంది. "అచ్చయిపోయింది కదయ్యా, ఏం చేస్తాం?"

కండక్టరు మెచ్చుకోలుగా తలూపి, పుస్తకంలో ఆ రోజుకు కూడా సున్నా వేసుకున్నాడు.

ఈ కథను బస్సులో కూర్చుని చదువుతున్నవారికి చిన్న మనవి. ఇందాకటి నుంచి మీ పక్కన ఎవరో నిలబడి దగ్గుతున్నారు. కథలో మునిగిపోయి మీరు వినలేదని మాకు తెలుసు. ఆ సంచి మీదేనా?