చక్కెర ఊళ్ళో చింతకాయ తొక్కు

ఆ పొద్దున ఆండాలు అనుకున్న పని చాలా చిన్నది. పక్కింటి నూకమ్మకు చిన్న చిప్పలో ఇంత చింతకాయ తొక్కు పంపాలి. ఆ తర్వాత తమ్ముడు సైదులుకు తలంటాలి. తలంటుతూ తలంటుతూ వాణ్ణి సూర్యాపేట రావడానికి ఒప్పించాలి. నెత్తి మీద నూనె పడ్డాక వాడు లేచి ఎటూ పారిపోలేడు కదా అని ఆమె ధైర్యం.

పారిపోవడంలో సైదులుకు మంచి అనుభవమే ఉంది. జాన్‌పహాడ్ దర్గాకు మొక్కితే పుట్టాడని తల్లి సైదమ్మ ఆ పేరు పెట్టుకుని అపురూపంగా పెంచితే, మీసాలు వచ్చీ రాగానే చెప్పాపెట్టకుండా పడవెక్కి మోరిస్ దీవిలో తేలాడు. అక్కడ ఓ చక్కెర మిల్లు, దాని చుట్టూ చిన్న ఊరు. ఫ్రెంచి దొరలు ఆ ఊరికేదో పేరు పెట్టారు గానీ ఆండాలు మొగుడు రామనర్సయ్యకు అది నోరు తిరగలేదు. "చక్కెర ఊరు" అనేశాడు. ఎటు చూసినా చెరుకు. గాలి వీచినా బెల్లం వాసనే. అక్కడి చీమలు కూడా తీపి మొహం మొత్తి మనుషుల వెంట పడవు.

ఆ ఊళ్ళో చెరుకు బండ్లు తూచే కాటా దగ్గర సైదులుకు పాతికేళ్ళ నుంచీ కొలువు. పెళ్ళాం పోయింది, పిల్లలు లేరు. నిజాం రాజ్యం పోయి దేశంలో రాకపోకలు కుదుటపడ్డాయని తెలిసి, అక్కాబావలకు టికెట్లు పంపాడు. వాళ్ళు సూర్యాపేటలో బస్సెక్కి, బెజవాడలో రైలెక్కి, సముద్రం పొడుగునా కక్కుకుంటూ వచ్చి చూసిపోతున్నారు. శనివారం తిరుగు పడవ. ఈ వేళ మంగళవారం.

"ఒక్కసారి రా తమ్మీ. మన ఇల్లు సూసి పోదువు," అని ఆండాలు నూనె మర్దిస్తూ అంది.

"ఏ మొఖం పెట్టుకొని రావాలె అక్కా? అమ్మ పోయేటప్పుడు నేను లేను. ఇప్పుడు అమ్మ లేని గడప ఎట్ల తొక్కాలె?"

వాడి కళ్ళలో నీళ్ళు కుంకుడు పులుసు వల్ల వచ్చినవి కావు, అది ఇంకా పొయ్యనే లేదు. అమ్మ కంచు గిన్నె చూపిద్దామని ఆమెకు అప్పుడు తోచింది. సైదమ్మ ఇద్దరికీ అందులోనే అన్నం కలిపి పెట్టేది. తాము తిరిగి పోయే ముందు ఒక్క పూటన్నా తమ్ముడికి అందులో తినిపిద్దామని పాత చీరలో చుట్టి తెచ్చింది. దాన్ని చూస్తేనన్నా వాడి మనసు కరగకపోతుందా?

పెట్టె తెరిచి చూస్తే చీర ఉంది, గిన్నె లేదు.

"ఏమయ్యా! గీడ గిన్నె ఏమాయె?"

రామనర్సయ్య వాకిట్లో కూర్చుని చెరుకు నములుతున్నాడు. "నూకమ్మకు తొక్కు ఇయ్యమంటివి గద, ఇచ్చొచ్చిన. చిన్న చిప్పల ఇస్తె సూర్యాపేట ఇజ్జత్ ఏమయితది? గిన్నె నిండ ఇచ్చిన."

"అమ్మ గిన్నెలనా! నీ తెలివి పాడుగాను! పో, పొయ్యి తీస్కరా. ఇయ్యి అని మాత్రం అడుగకు, మంచిగుండది."

ఇచ్చిన గిన్నెను అడక్కుండా తిరిగి తేవడమెలాగో రామనర్సయ్యకు తెలియదు. వెళ్ళి నూకమ్మ అరుగు మీద కూర్చుని ఎండ గురించి, వాన గురించి, తన గొర్ల గురించి మాట్లాడాడు. మధ్యమధ్య వంటింటి వైపు మెడ సాచాడు. నూకమ్మ దీవిలోనే పుట్టింది, ఆమె తాతలు కాకినాడ వైపు వాళ్ళు. ఆవిడకు తెలివి తక్కువేం కాదు.

"గిన్నె కోసమేనా అన్నయ్యగారూ? ఎంత మాట! ఖాళీ గిన్నె ఎలా ఇచ్చేస్తాను? మా నాయనమ్మ లేచొచ్చి నా వీపు పగలగొడుతుంది. శుక్రవారం మిల్లులో అందరికీ కొత్త చక్కెర పోస్తారు. నిండుగా పోసి నేనే పట్టుకొస్తాను," అంది. "ఆ పచ్చడి ఎంత బాగుందో! వీధి వీధంతా పంచేశాను."

ఆ చివరి మాట రామనర్సయ్య సరిగ్గా పట్టించుకోలేదు. శుక్రవారం వస్తుంది, పడవ శనివారం, ఇంకేం పరేషాన్ లేదని ఈలవేసుకుంటూ ఇంటికొచ్చాడు.

మర్నాడు సాయంత్రానికి వీధి కదిలివచ్చింది. పచ్చడి తిన్న ప్రతి ఇల్లాలూ అది ఎవరింటి నుంచి వచ్చిందో కనుక్కుని, ఒక్కో గిన్నె పట్టుకుని దిగింది. కొబ్బరి లౌజు, అరటిపండు హల్వా, పాకం గారెలు, ఇంకా పేరు తెలియని ఏవేవో తీపి వస్తువులు. సైదులు ఇంట్లో నడవడానికి చోటు లేకుండా పోయింది.

"ఇవన్ని మల్ల నింపి ఇయ్యాలె గద," అంది ఆండాలు గుండెలు బాదుకుని. "చక్కెర ఊరోళ్ళకు చక్కెర పెడతమా? కారపుదే పెట్టాలె."

రామనర్సయ్యకు ఉషారొచ్చింది. సూర్యాపేట నుంచి తెచ్చుకున్న కారమంతా కుమ్మరించి రాత్రంతా గారెలు వండించాడు, తెల్లవారి పంపకం తన మీద వేసుకున్నాడు.

"ఎవల గిన్నె ఎవలదో ఎర్కేనా నీకు?" అని ఆండాలు అనుమానపడింది.

"మంద మొత్తంల ఏ గొర్రె ఏదో మొఖం సూసి చెప్త. నాకు గిన్నెలు ఒక లెక్కనా?"

గొర్రెకు మొఖం ఉంటుంది. మిల్లు దుకాణంలో కొన్న సిల్వర్ గిన్నెలకు మొఖాలు ఉండవు, అన్నీ ఒక్క అచ్చులోవే. ఆడవాళ్ళు మాత్రం ఎవరి గిన్నె సొట్టలు వాళ్ళు ఎరుగుదురు. రామనర్సయ్య ఈ ఇంటి గిన్నె ఆ ఇంటికీ, ఆ ఇంటి గిన్నె ఇంకో ఇంటికీ చిరునవ్వుతో అందించి వచ్చాడు.

అక్కడ మొదలైంది అసలు రభస. గారెలతో వచ్చింది పొరుగావిడ గిన్నె అని ప్రతి ఇల్లాలికీ తెలుసు, ఖాళీగా ఇవ్వడానికి చేతులు రావు. నింపడానికి చక్కెర శుక్రవారం గానీ రాదు. తన గిన్నె ఎక్కడుందో కూడా తెలుసు, అడిగితే పిసినారి అంటారు. పైగా అవి మామూలు గిన్నెలు కావు, మొగవాళ్ళకు చెరుకు తోటల్లోకి సద్ది పంపే గిన్నెలు. పరాయి గిన్నెలో సద్ది కట్టడానికి ఎవరికీ మనసు రాదు.

గురువారం మధ్యాహ్నం తోటలకు సద్ది పోలేదు. మొగవాళ్ళు కాసేపు దారి చూశారు, కాసేపు తిట్టుకున్నారు, ఆ తర్వాత కొడవళ్ళు చంకన పెట్టుకుని గుంపుగా ఊళ్ళోకి నడిచారు. కోత లేదు కాబట్టి బండ్లు రాలేదు. బండ్లు రాలేదు కాబట్టి కాటా దగ్గర సైదులు ఈగలు తోలుకున్నాడు. చెరుకు లేక మిల్లు ఆగిపోయింది. పొగగొట్టం పొగ మానేసేసరికి కుక్కలు కూడా బయటికొచ్చి తలలెత్తి చూశాయి.

"మిల్లు ఆగితె రేపు చక్కెర పొయ్యరు," అన్నాడు ఇంటికి పరుగెత్తుకొచ్చిన సైదులు.

"చక్కెర లేకుంటె నూకమ్మ గిన్నె ఇయ్యదు," అంది ఆండాలు. "ఎల్లుండి పడవ. అమ్మ గిన్నె ఒక దిక్కు, మనమొక దిక్కు అయితం."

రామనర్సయ్య ఏదో అనబోయాడు. ఈలోగా మిల్లు దొర మోటారు వాకిట్లో ఆగింది.

దొరకు ఒక్కటే భయం, సమ్మె. కొడవళ్ళతో నిలబడ్డ జనాన్ని చూడగానే ఆయన ముఖం పాలిపోయింది. "ఎవరు ఆపారు మిల్లు?" అని అడిగాడు. వీధి వీధంతా ప్రేమగా రామనర్సయ్యను చూపించింది.

"నువ్వు ఏ ఊరోనివని అడుగుతున్నడు బావా," అని సైదులు తర్జుమా చేశాడు.

"సూర్యాపేట. నల్లగొండ జిల్లా."

దొర పక్కన పేపర్లు చదివే గుమాస్తా ఒకడున్నాడు. దొరల మీద జనం తుపాకులు పట్టిన నల్లగొండ ఇదేనని వాడు ఆయన చెవిలో ఊదాడు. దొర నోట్లోని చుట్ట కిందికి వాలింది.

నిజానికి రామనర్సయ్య జన్మలో ఎవరినీ ఎదిరించినవాడు కాదు. రజాకార్లు వచ్చినా, దళం వచ్చినా, మిలిటరీ వచ్చినా, గొర్లను తోలుకుని మూసీ ఒడ్డున తుమ్మ పొదల్లో దూరేవాడు. ఇక్కడ తుమ్మ పొదలు లేవు. అందుకని నిలబడ్డాడు.

"నీకేం కావాల్నో చెప్పమంటున్నడు."

"నాకేం వద్దయ్యా, నీ కాల్మొక్త. ఒక్క గిన్నె. గా గిన్నె నిండితె సాలు, అందరు సప్పుడు చెయ్యకుంట పనికి పోతరు."

సైదులు ఆ మాటలు ఉన్నవున్నట్టే చెప్పాడు. దొర, గుమాస్తా మొఖాలు చూసుకున్నారు. కూలి రెట్టింపు అడుగుతారనుకుంటే తలకొక గిన్నెడు అన్నమా? అవతలివాడు మనసు మార్చుకుంటాడేమో అన్నట్టు దొర గబగబా చెప్పేశాడు. ఈ పూట సెలవు, మిల్లు గోదాం నుంచి బియ్యం బస్తాలు, కోత కాలమంతా రోజూ తలకొక గిన్నెడు అన్నం.

దొర పొరబడ్డాడని సైదులుకు అర్థమైంది. కానీ పాతికేళ్ళు మిల్లులో పనిచేసినవాడు, దొర ఇస్తానన్నది వద్దనే తర్జుమా మాత్రం చెయ్యడు. జనం కొడవళ్ళు పైకెత్తి "సూర్యాపేట అన్నకు జై!" అని అరిచారు. రామనర్సయ్య మాత్రం కొట్టడానికే ఎత్తారనుకుని కళ్ళు మూసుకున్నాడు.

బియ్యం రాగానే ఆండాలు కొంగు నడుముకు చుట్టింది. "అమ్మల్లారా, ఎవలింట్ల ఎవల గిన్నె ఉన్నా గీడికి తెండ్రి. అన్నం నింపి ఎవలది ఆళ్ళ చేతుల్నే పెట్టుండ్రి. ఖాళీ గిన్నె ఇచ్చినోళ్ళు లేరు, అడిగినోళ్ళు లేరు. లెక్క ఖతం!"

వీధిలోనే పొయ్యిలు పెట్టారు. గిన్నెలన్నీ నిండాయి, నిండి తమ తమ ఇళ్ళకు చేరాయి. నూకమ్మ మాత్రం చక్కెర పోస్తానన్నాక అన్నంతో ఇవ్వనని కంచు గిన్నె బయటికి తియ్యలేదు. దొరకు కూడా ఒక పళ్ళెంలో అన్నం, అంచున కాస్త తొక్కు వేసి ఇచ్చింది ఆండాలు. ఆయన ఓ ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. మొఖం ఎర్రబడింది, కళ్ళ వెంట ధారలు కట్టాయి, చేతిరుమాలు తడిసిపోయింది. జనమంతా ఊపిరి బిగపట్టారు. దొర ఖాళీ పళ్ళెం ముందుకు చాపాడు.

మర్నాడు మిల్లు కూత వేసింది. చక్కెర పోశారు.

శనివారం రేవులో నూకమ్మ మాట నిలబెట్టుకుంది. తళతళా తోమిన కంచు గిన్నె నిండా కొత్త చక్కెర పోసి, పైన గుడ్డ కట్టి తెచ్చింది. రామనర్సయ్య దాన్ని రెండు చేతులా అందుకున్నాడు. "దొరికింది! ఇగ దీన్ని సూర్యాపేట దాక నా ఒళ్ళె నుంచి దించ," అన్నాడు. ఆ గిన్నె కోసం నాలుగు రోజులు అతను తిన్న తిట్లు తక్కువేం కావు.

ఆండాలు గిన్నెను చూసింది. వెనక నిలబడ్డ వీధి ఆడవాళ్ళను చూసింది. తమ్ముణ్ణి చూసింది. ఆమె ముఖంలో అప్పుడొక వెలుగు వచ్చింది.

గిన్నె లాక్కుని చక్కెరను కొంగులో మూట కట్టుకుంది. దారిలో తినడానికి దాచుకున్న ఆఖరి తొక్కు అందులోకి తోడి, సైదులు చేతుల్లో పెట్టింది. "ఇగో తమ్మీ. అమ్మ మనకు బువ్వ పెట్టిన గిన్నె. నీకు తినిపిద్దామనే తెచ్చిన. తిను. గిన్నె మాత్రం నాది, మల్ల నాకు రావాలె."

సైదులు దాన్ని గుండెలకు హత్తుకుని ఏడ్చాడు. చాలాసేపటికి, "పోస్టుల పంపుత అక్కా," అన్నాడు.

"ఖాళీగనా?"

సైదులు నోరు తెరిచేలోపు నూకమ్మ ముందుకొచ్చింది. "ఎలా పంపుతాడో నేనూ చూస్తాను! అక్కగారి గిన్నె ఖాళీగా పంపినోడికి మా వీధిలో నిప్పు కూడా పుట్టదు. నింపుకుని నువ్వే వెళ్ళాలి సైదులూ!" వీధి ఆడవాళ్ళందరూ అవునవునని తలలూపారు. పడవ కదిలింది. రామనర్సయ్య ఖాళీ చేతులు చూసుకుంటూ గట్టుకేసి చేతులూపాడు.

ఆ ఏడు కోత అయిపోయేదాకా చక్కెర ఊళ్ళో సైదులు ఎవరింటి ముందు నుంచి నడిచినా ఒక్కటే ప్రశ్న ఎదురైంది. "గిన్నె ఇచ్చొచ్చావా?"

ఎండాకాలం రాకముందే ఓ పొద్దున కోదాడ మీదుగా వచ్చిన బస్సు సూర్యాపేటలో ఆగింది. సైదులు దిగి, కంచు గిన్నెను రెండు చేతులా పట్టుకుని ఇంటిదాకా నడిచాడు. గడప ముందు కాళ్ళు రాక నిలబడిపోయాడు. ఆండాలు వచ్చి చెయ్యి పట్టి లోపలికి లాగింది. "అమ్మ గిన్నెతోని వచ్చినవ్ తమ్మీ. నువ్వొక్కనివే రాలె," అంది. ఇద్దరూ గడప మీదే కూలబడి ఏడ్చారు, నవ్వారు, మళ్ళీ ఏడ్చారు. గొర్లను మేపుకు తోలబోతున్న రామనర్సయ్య వాటిని వదిలేసి బామ్మర్దిని కావలించుకున్నాడు.

"సామాన్ ఏది?" అని అడిగాడు కళ్ళు తుడుచుకుంటూ.

"బండి మీద వస్తున్నది బావా. ఎక్కువేం లేదు. మన ఊరికి పోతున్ననంటె వీధిలోళ్ళందరు తలా ఒక గిన్నె ఇచ్చిండ్రు. నూకమ్మది, ఎదురింటోళ్ళది, చివరింటోళ్ళది. దొర కూడ ఒక పింగాణి గిన్నె ఇచ్చిండు. అన్ని నిండుగనే ఉన్నయి."

రామనర్సయ్య వస్తున్న బండి వైపు చూశాడు. లోపలికి వెళ్ళి పెద్ద సంచి తీసుకుని, మిరపకాయలు కొనడానికి అంగడికి బయలుదేరాడు.