నాన్నకు రావలసిన మోకాలు

పొద్దున్నే ల్యాబుకెళ్లి కణాలకు మేత పెట్టాలి, ఆపరేషన్ వేళకు ఆసుపత్రిలో నాన్న పక్కన ఉండాలి. సైంటిస్టు వేసుకున్న పథకం ఇంతే. సైంటిస్టంటే ఇంట్లో వాళ్లు పెట్టిన ముద్దుపేరు. పరిశోధన ఇంకా పూర్తి కాలేదు.

అసలు వాడు ఈ చదువులో చేరిందే నాన్న మోకాలి నొప్పి చూడలేక. సీటొచ్చిన రోజు ఆనందం పట్టలేక, "నాన్నా, నీకు కొత్త మోకాలు నేనే పెంచిస్తా!" అని కోతలు కోశాడు. ఏళ్లు గడిచాయి. గాజు పళ్లేల్లో పెరిగింది మాత్రం బఠాణీ గింజంత మృదులాస్థి. అదీ ప్రయోగాల ఎలుక మోకాలికి అమర్చడం కోసం. ఈలోగా నొప్పి ముదిరి, నాన్న లోహపు మోకాలికి ఒప్పుకున్నాడు.

ల్యాబులో అడుగుపెట్టేసరికి కణాల్ని వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ గోల పెడుతోంది. చెడిపోయింది! పళ్లేలు పేర్చుకుని పక్క ల్యాబుకు పరిగెడుతూ, భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించి, "అమ్మా, మోకాలి కణాలు పోయేలా ఉన్నాయి. కాపాడి వచ్చేస్తా, కాస్త ఆగమను" అన్నాడు. అంతలో ఫోను జారింది. దాన్ని పట్టుకోబోయి పళ్లేలు వదిలేశాడు.

అక్కడ ఆసుపత్రిలో అమ్మ, "వాడు కణాలు కాపాడి తెస్తున్నాడట" అంది. బాబాయి నర్సుతో, "మావాడు మోకాలే తెస్తున్నాడు" అన్నాడు. నాన్న స్ట్రెచర్ మీద లేచి కూర్చున్నాడు.

"అబ్బాయి పెంచింది వస్తుంటే ఈ ఇనప ముక్క నాకెందుకండీ?"

సర్జన్‌కు చిర్రెత్తి, తర్వాతి రోగిని లోపలికి పిలిచాడు.

రొప్పుతూ వచ్చిన సైంటిస్టు చేతులవైపే అందరూ చూశారు.

"ఏదిరా?" అన్నాడు బాబాయి.

"ఏది?"

"మోకాలు!"

వాడు బఠాణీ గింజ సంగతి, ఎలుక సంగతి, నేలపాలైన సంగతి అన్నీ చెప్పేశాడు.

"ఆపరేషన్ ఎప్పుడో చేయించుకోవాల్సింది" అంది అమ్మ మెల్లగా. "తొందరపడితే నువ్వు చిన్నబుచ్చుకుంటావని మీ నాన్న ఇన్నేళ్లూ వాయిదా వేశాడురా."

సైంటిస్టుకు తల కొట్టేసినట్లయింది. పళ్లు బిగించి మెట్లెక్కే నాన్నే కళ్లముందు మెదిలాడు. తన కోతల కోసం మనిషి అన్నాళ్లు కుంటుతూ తిరిగాడు. ఏడుపు ఆగలేదు.

మళ్లీ పిలుపొచ్చిన రోజు వాడు ల్యాబు ఛాయలకే వెళ్లలేదు. ఆపరేషనై మెలకువ వచ్చేదాకా మంచం పక్కనే కూర్చున్నాడు.

నాన్న కళ్లు తెరిచి, కొడుకు చెయ్యి నిమిరాడు.

"నాకైతే మోకాలొచ్చేసింది. పాపం, ఆలస్యమవుతుందని ఆ ఎలుకకు చెప్పావా?"