శిలాఫలకం మీద టోకెన్

"ఈరోజు నుంచి మన పింఛన్ల సాఫ్ట్‌వేర్‌లో తప్పు అనే మాటే వినపడదు!" అని మంత్రిగారు మైకులో సెలవిచ్చారు. ప్రోగ్రామర్లు కోడ్‌లో ఏ అక్షరం మార్చినా, దానంతటదే వచ్చి తనిఖీ చేసే యంత్రాన్ని పెడుతున్నారట.

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది పింఛన్ల శాఖ డైరెక్టరుగారు. ఆయన ఆనందానికి ఇంట్లో కూడా ఓ కారణం ఉంది. ఆ సాఫ్ట్‌వేర్ ఆయన అత్తగారిని పోయినవాళ్ళలో కలిపేసింది. ఆవిడ మాత్రం కూరలో ఉప్పు తక్కువైందని కూతుర్ని కేకలేస్తూ నిక్షేపంలా ఉంది.

"యంత్రం రానివ్వండి అత్తయ్యగారూ, మిమ్మల్ని బతికించి తీరుతుంది" అని మాటిచ్చి, దేవుడికి దణ్ణం పెట్టుకుని ఆఫీసుకెళ్ళారాయన.

యంత్రం కోడ్‌లోకి వెళ్ళాలంటే టోకెన్ కావాలి. అంటే తాళంచెవే. కాకపోతే ఇనుముది కాదు, అక్షరాలూ అంకెలూ గుచ్చిన పొడుగాటి దండ. తెర మీద అది ప్రత్యక్షమైంది.

"ఇది ఒక్కసారే కనిపిస్తుంది సార్. తర్వాత దేవుడు దిగొచ్చినా చూపించదు. జాగ్రత్త చెయ్యాలి" అంది ప్రోగ్రామరమ్మ.

జాగ్రత్త అనగానే డైరెక్టరుగారి బుర్ర పాదరసంలా పరిగెత్తింది. ఆ ఆఫీసులో ఫైళ్ళు చెదలు తింటాయి. కంప్యూటర్లు ఫైళ్ళనే తింటాయి. ఇన్నేళ్ళూ చెక్కుచెదరనివి గుమ్మం పక్కన ప్రారంభోత్సవాల రాళ్ళు మాత్రమే.

"రాయి మీద చెక్కిద్దాం!" అన్నారు.

మంత్రిగారు మురిసిపోయారు. "పైన నా పేరు, కింద టోకెన్. పేరు కాస్త పెద్దక్షరాల్లో."

చెక్కిన రాయి మీది తెర తొలగింది. పూలు పడ్డాయి. మర్నాడు పేపర్లన్నిటిలో రాయి ఫొటోతో పాటు టోకెన్ ఒక్క అక్షరం పొల్లుపోకుండా అచ్చయింది.

ప్రోగ్రామరమ్మ పరుగున వచ్చింది. "సార్, ఇంటికి తాళం వేసి చెవిని గుమ్మానికి కట్టాం! ఇక ఎవడైనా దూరచ్చు. దీన్ని రద్దు చేసి కొత్తది తీసుకోవాలి. చిటికెలో పని."

డైరెక్టరుగారు మంత్రిగారి పీఏకి ఫోన్ చేశారు.

"రద్దు గుట్టుగా చేసుకోండి. కొత్తది మాత్రం కుదరదు. మంత్రిగారి పేరు కింద ఉన్నది పనికిరాదని మనమే చాటుకున్నట్టు కాదూ? అయినా, ఆ కుర్చీ మీకు మెత్తగా లేదా?" అన్నాడు పీఏ.

ఉంది. చాలా మెత్తగా ఉంది. డైరెక్టరుగారు ఒకసారి అత్తగారిని తలుచుకున్నారు, ఒకసారి కుర్చీని తడుముకున్నారు.

"పాతది తీసెయ్యమ్మా. కొత్తదాని మాట తర్వాత చూద్దాం."

ఆ పూట దేవుడి పటం ముందు నిలబడి, "స్వామీ, నేను చేసింది తప్పా?" అని అడిగారు. స్వామి ఏమీ అనలేదు. తప్పులు పట్టడానికి ఆయనకీ టోకెన్ ఇవ్వలేదేమో.

తాళంచెవి లేని యంత్రం రోజూ వచ్చి, తలుపు దగ్గరే నిలబడి, లోపల ఏదీ చూడకుండానే రిపోర్టిచ్చి పోయేది. దొరికిన తప్పులు: సున్న.

ఆ సున్నకి సన్మానం జరిగింది. మంత్రిగారు డైరెక్టరుగారి మెడలో గజమాల వేసి, "ఈ సున్న వెనకాల ఉన్నది ఈయనే!" అన్నారు.

దండతోనే ఇల్లు చేరారు. అత్తగారు టీవీ ముందు కూర్చుని ఉంది.

"సాఫ్ట్‌వేర్‌లో ఒక్క తప్పూ లేదని తేలిందటగా బాబూ?"

"అవునండీ అత్తయ్యగారూ."

ఆవిడ టీవీ కట్టేసింది. తర్వాత చెయ్యి చాపింది.

"అయితే ఆ దండ ఇలా ఇవ్వు నాయనా. వాడిపోకముందే నా ఫొటోకి వెయ్యాలిగా."