కుక్కపిల్లల రిజిస్టరులో జోషిత

నాలుగేళ్ల కూతురు జోషితను కుక్కపిల్లగా నమోదు చేయించడానికి సత్యవేణి సోమవారం ఉదయం పిల్లను వెంటబెట్టుకుని మున్సిపల్ ఆఫీసుకు వెళ్లింది. ఆ నెలలో ఇదే పని మీద వచ్చిన తల్లుల్లో ఆమె పద్నాలుగో మనిషి కాబట్టి ఎవరూ తలెత్తి చూడలేదు. ఫారాలు అయిపోవస్తున్నాయని మాత్రం అటెండరు చెప్పాడు.

కారణం రాయవలసిన గడిలో ఆమె ఉన్నదున్నట్టు రాసింది. పోయిన వారం బడిలో సాంబారు తిని పదకొండు మంది పిల్లలు ఆసుపత్రి పాలయ్యారు. జోషితకు రెండు రోజులు సెలైను ఎక్కించారు. ఆ సాంబారును ముందుగా ఎవరు చూడాలో తేల్చడానికి ఒక కమిటీ వేశారు. పిల్లల తిండి చూసే విభాగమేదీ ఊళ్లో లేదని కమిటీ తేల్చి, టీ తాగి వెళ్లిపోయింది. అప్పటినుంచి కూతురు ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడల్లా సత్యవేణికి గుండె దడే.

కుక్కపిల్లలకైతే విభాగం ఉంది. మేడ మీద, ఫ్యాను కింద. మాట విన్నందుకు పెట్టే ప్రతి తునకనూ అక్కడ శనగగింజంత చేసి చూస్తారు. కిస్‌మిస్ లేదని, ఉల్లీ వెల్లుల్లీ తగల్లేదని, చాక్లెట్ కలవలేదని, ఉడికిన ఎముక ముక్క దాగి లేదని నలుగురు సంతకాలు పెడతారు. కొత్త పదార్థమైతే అదొక్కటే పెట్టి, కడుపు పాడవుతుందేమోనని రోజంతా కనిపెట్టుకుని కూర్చుంటారు. ఇలాంటి చిరుతిళ్లు రోజు తిండిలో పదో వంతు దాటకూడదు. మిగతా తొమ్మిది వంతులూ కడుపు నిండా పెట్టారా లేదా అని రాసుకోవడానికి వేరే రిజిస్టరు ఉంది. గోడ మీద ఆ నియమం చదువుతుంటే సత్యవేణికి ఏడుపొచ్చింది.

విభాగాధికారి కామేశం గారు మంచివారు. ఫారం ఓపిగ్గా నింపారు.

"తోక?"

"లేదండి."

"వర్తించదని రాస్తున్నానమ్మా. పళ్లు?"

"పాలపళ్లేనండి. ఒక్కటీ ఊడలేదు."

"టీకాలు?"

"అన్నీ వేయించానండి. ఇదిగో కార్డు."

"కరుస్తుందా?"

"నన్నొక్కదాన్నేనండి. అన్నం వద్దన్నప్పుడు."

కామేశం గారు 'సాధారణం' అని రాసుకుని, డబ్బా మూత తీసి ఉడికించిన క్యారెట్ తునక ఒకటి పైకెత్తి చూపించారు. ఈ పరీక్ష తప్పితే మళ్లీ దరఖాస్తుకు రెండేళ్లు ఆగాలి. అప్పటికి పాలపళ్లు ఊడతాయి, కుక్కపిల్ల కింద లెక్కకు రాదు. బడి మాత్రం రేపే ఉంది, సాంబారూ రేపే.

"కూర్చో," అన్నారాయన.

జోషిత టక్కున కూర్చుంది. ఆదివారమంతా తల్లి అదే నేర్పించింది. తునక అందుకుని, సగం కొరికి, మిగతా సగం పైకి చాపింది.

"అమ్మకి."

కామేశం గారి కలం ఆగింది.

"ఇదొక ఇబ్బందమ్మా. కుక్కపిల్ల ఇంకొకళ్లకి పెట్టదు. పెద్దవాళ్ల తిండి సంగతి చూడ్డానికి మా దగ్గర గడే లేదు. ఈ సగం ఎక్కడ చూపించమంటావు?"

"మాన్పిస్తానండి."

"ఎన్నాళ్లు పడుతుంది?"

"మూడు వారాలు చాలండి. నాకు పెట్టి తినడం నేర్పింది నేనే కదండి. నేనే మాన్పిస్తాను."

ఆయన 'మూడు వారాలు' అని రాసి, ముద్ర వేశారు. జోషిత చెయ్యి ఇంకా చాపే ఉంది. పొద్దుటినుంచి ఏమీ తినని సత్యవేణి మొహం పక్కకు తిప్పుకుంది.

"నువ్వే తినెయ్యి," అంది.

జోషిత కాసేపు చూసి తినేసింది. కామేశం గారు "గుడ్" అని ఇంకో తునక ఇచ్చారు. ఈసారి ఆ పిల్ల తల్లి వైపు చూడలేదు. కామేశం గారు ఫారం మళ్లీ దగ్గరికి లాక్కుని, 'మూడు వారాలు' కొట్టేసి, 'అవసరం లేదు' అని రాశారు.