రస్టెడ్ గాలోస్ వారి లోడ్ టెస్టు

ఆ సోమవారం పొద్దున సాంబమూర్తి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసుకు వెళ్ళగానే నీల్‌ను పక్కకు పిలిచి, నీలాంటివాడు ఇంకొకడు దొరుకుతాడా అని అడగాలి. దొరుకుతాడంటే వాడికి కబురు పెట్టించాలి. సాయంత్రం సింగపూర్ ఆంగ్ మో కియోలోని ఫ్లాటుకు తిరిగొచ్చి, కొన్ని నెలలుగా వాయిదా పడుతూ వస్తున్న నిద్ర పోవాలి.

అది తొంభై తొమ్మిదో సంవత్సరం. ఒక బ్యాంకువారి పాత ప్రోగ్రాములన్నీ సంవత్సరాన్ని రెండంకెల్లోనే రాసుకునేవి. జనవరి వచ్చిందంటే అవి వెనక్కి పోయి పంతొమ్మిది వందల్లో కూర్చుంటాయి. అప్పటికి పుట్టని ఖాతాదార్లకు వడ్డీ ఎలా కడతారో ఎవరికీ తెలియదు. ఆ మరమ్మతు పని పాయా లేబర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి వచ్చింది, కంపెనీ నుంచి సాంబమూర్తి నెత్తికి వచ్చింది. పాత ప్రోగ్రాములు కోబాల్ భాషలో ఉన్నాయి. కుర్రవాళ్ళెవరికీ కోబాల్ రాదు. కష్టపడి నేర్పితే, నేర్చుకున్నవాడు మర్నాడే ఏదో డాట్‌కామ్ కంపెనీలో తేలేవాడు.

అలాంటి కరువులో ఏజెన్సీవాళ్ళు నీల్‌ను పంపారు. ఊరు ఇంగ్లండులోని కోవెంట్రీ. నలభైకి దగ్గర పడ్డ మనిషి, నున్నటి గుండు. సింగపూర్ ఉక్కలో కూడా చొక్కా చేతులు మణికట్టు దాకా దించి బొత్తాలు పెట్టుకునేవాడు. టీ తాగేవాడు, పని చేసేవాడు, సెలవడిగేవాడు కాదు. సాంబమూర్తి సెరంగూన్ రోడ్డు మీది పెరుమాళ్ కోవెలలో అతని పేరున అర్చన కూడా చేయించాడు. పూజారి గోత్రం అడిగితే తన గోత్రమే చెప్పాడు.

ఇంకొకడు కావాలనేసరికి నీల్ టీ కప్పు కింద పెట్టాడు. ఒకడున్నాడనీ, కానీ తామిద్దరికీ మాటల్లేవనీ చెప్పాడు.

"కోబాల్‌కి మాటలక్కర్లేదు," అన్నాడు సాంబమూర్తి. ఆ తర్వాత జరిగినదానికంతటికీ ఈ ఒక్క మాటే మూలం.

వచ్చినవాడి పేరు ట్రెవర్. తలుపు పట్టనంత మనిషి. ఆలోచిస్తున్నంతసేపూ రెండు పెన్సిళ్ళతో బల్ల మీద వాయిస్తాడు, అతను ఆలోచించని క్షణం ఉండదు. పక్క బల్లలవాళ్ళు ఒక్కొక్కరే వేరే అంతస్తుకు మారిపోయారు. అయితే పని మాత్రం ముగ్గురి పెట్టు. దాంతో సాంబమూర్తికి ఆశ పుట్టి, ఈసారి ట్రెవర్‌ను అడిగాడు. ట్రెవర్ అటూ ఇటూ చూసి, నీల్‌కు చెప్పనని మాట తీసుకుని, గ్యారీ అనే అతని ఈమెయిల్ ఇచ్చాడు. ఎందుకు చెప్పకూడదో అడిగే ఓపిక సాంబమూర్తికి లేకపోయింది.

గ్యారీ వచ్చిన రోజు లిఫ్టు తలుపులు తెరుచుకోగానే లోపల నీల్ ఉన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నీల్ లిఫ్టు దిగి మెట్లెక్కి పోయాడు. వాళ్ళ బల్లలు పదకొండో అంతస్తులో ఉన్నాయి.

ఆ రోజు నుంచి వాళ్ళిద్దరూ ప్రోగ్రాముల ద్వారా పోట్లాడుకోవడం మొదలుపెట్టారు. నీల్ ప్రోగ్రాము సంవత్సరాన్ని నాలుగంకెల్లో పంపేది. గ్యారీ ప్రోగ్రాము కావాలని రెండంకెలే పుచ్చుకునేది. ఇదేమిటని నీల్‌ను అడిగితే గ్యారీని అడగమనేవాడు, గ్యారీని అడిగితే నీల్‌ను అడగమనేవాడు. రెండు బల్లల మధ్య తిరిగి తిరిగి సాంబమూర్తి చెప్పులరిగాయి. పైనుంచి డైరెక్టరు మధుసూదనరావు రోజూ ఫోను. ఆయన అకౌంట్సు నుంచి పైకొచ్చిన మనిషి. కంప్యూటరు గురించి ఆయనకు తెలిసిందల్లా అది ఖరీదైనదని.

"మూర్తిగారూ, డిసెంబరు ముప్పై ఒకటి పోస్ట్‌పోన్ అవదండీ," అన్నాడాయన ఒకనాడు ఎంతో మృదువుగా. "బ్యాంకు పోయిందంటే కంపెనీ పోద్ది. కంపెనీ పోతే మనిద్దరి వీసాలూ పోతాయి. మీ అమ్మాయి స్కూలు మధ్యలో ఉంది కదా."

సాంబమూర్తికి రాజీ కుదర్చడంలో తనకు మించినవాడు లేడని గట్టి నమ్మకం. ఉగాది పచ్చడి పంచాంగ శ్రవణానికి ముందు పెట్టాలా తర్వాత పెట్టాలా అని తెలుగు సంఘం రెండుగా చీలబోతే, పంచాంగం మధ్యలో ఆపి పెట్టించినవాడు ఆయనే. అందుకని ముగ్గురినీ ఆదివారం భోజనానికి పిలిచాడు.

తారాదేవి గుత్తివంకాయ, పప్పుచారు చేసి, దొరలు కదా అని కారం తగ్గించింది. ట్రెవర్ చేత్తోనే తింటానని చొక్కా చేతులు పైకి మడిచాడు. అతని ముంజేతి మీద ఉరికంబానికి వేలాడుతున్న అస్థిపంజరం పచ్చబొట్టు ఉంది. గ్యారీ కూడా మడిచాడు. అదే అస్థిపంజరం. నీల్ తప్పదన్నట్టు బొత్తాలు విప్పాడు. అతని చేతి మీదా అదే.

తారాదేవి భర్తను వంటింట్లోకి పిలిచింది. "ఏవండీ, వీళ్ళు ఏ దేవుణ్ణి కొలుస్తారండీ?" అని గొంతు తగ్గించి అడిగింది.

పద్నాలుగేళ్ళ కూతురు మహతి ఆ బొమ్మ కింది అక్షరాలు చదివి, కంప్యూటరు దగ్గరికి పోయి, కాసేపటికి తిరిగొచ్చి, మాట చివర లా తగిలించే సింగపూర్ యాసలో చెప్పింది. "నాన్నా, దిస్ ఈజ్ ఎ బ్యాండ్ లా. రస్టెడ్ గాలోస్. థ్రాష్ మెటల్."

"అంటే?"

"తుప్పు పట్టిన ఉరికంబం."

సాంబమూర్తికి తెలిసిన బ్యాండు ఎర్రకోటు వేసుకుని ఊరేగింపు ముందు నడిచేదే. పెళ్ళిళ్ళకు వాయిస్తారా అని అడిగాడు. "ఫ్యూనరల్స్‌కి కూడా పిలవరు నాన్నా," అంది మహతి.

అప్పుడు ముగ్గురూ ఒకరి మాట ఒకరు దిద్దుకుంటూ తమ కథంతా చెప్పారు. వాళ్ళ ఊళ్ళో కార్ల ఫ్యాక్టరీలు మూతపడి ఎవరికీ పనిలేని రోజుల్లో, అందరికంటే వేగంగా, అందరికంటే గట్టిగా వాయించాలని బయల్దేరారట. మొదటి రికార్డు జర్మనీలో బాగా అమ్ముడుపోయింది. జపాను నుంచి అభిమానుల ఉత్తరాలొచ్చాయి. రెండో రికార్డు విడుదలైన వారమే రికార్డు కంపెనీ దివాలా తీసింది. అచ్చయిన రికార్డులన్నీ గోడౌన్లో ఉండగానే దానికి తాళం పడింది. వచ్చిన మేనేజరల్లా పారిపోయాడు. చివరికి డెన్మార్కు పోయే పడవ రేవులో, ఒక పాట మెల్లిగా వాయించాలని నీల్, జోరుగా వాయించాలని గ్యారీ పట్టుపట్టి, ముగ్గురూ మూడు దారుల్లో ఇంటికి పోయారు. తర్వాత నిరుద్యోగులకు సర్కారువారు పెట్టిన ఉచిత కంప్యూటరు క్లాసులో ఒకరికి తెలియకుండా ఒకరు చేరారు. అదే గదిలో మూడు మూలలా కూర్చుని కోబాల్ నేర్చుకుని, మాట్లాడుకోకుండానే పాసయ్యారు.

సాంబమూర్తికి ఒళ్ళు మండింది. బ్యాంకు మునిగేది ఒక పాట కోసమా? "సగం మెల్లిగా వాయించి, సగం జోరుగా వాయించండి," అన్నాడు విసుగ్గా.

ట్రెవర్ చేతిలో వంకాయ చేతిలోనే ఉంది. ఇన్నేళ్ళలో ఆ ముక్క ముగ్గురిలో ఎవరికీ తట్టలేదని వాళ్ళ మొహాలు చూస్తే తెలుస్తోంది. గ్యారీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కారం ఎక్కువైందనుకుని తారాదేవి పెరుగు తెచ్చి వడ్డించింది.

సోమవారం నుంచి ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకున్నాయి. సాంబమూర్తి సంతోషం బుధవారం దాకా నిలిచింది. ఆ రోజు ముగ్గురూ కలిసి వచ్చి, వాయించుకోవడానికి చోటు కావాలన్నారు. ఫ్లాటులో వాయిస్తే ఇరుగుపొరుగు పోలీసుల్ని పిలుస్తారు. కాదంటే మళ్ళీ విడిపోతారేమోనని భయం. అందుకని ఆఫీసులో పాత యంత్రాలుండే గది చూపించాడు. తలుపులు మందం, శనాదివారాల్లో అంతస్తంతా ఖాళీ. అద్దెకు తెచ్చిన డ్రమ్ములు చూసి కింద కాపలా ఉండే మలయ్ పెద్దాయన ఇవేమిటని అడిగాడు. సాంబమూర్తి నోటికి దొరికిన మాట లోడ్ టెస్టు. ఒకేసారి వందలమంది వాడితే ప్రోగ్రాము తట్టుకుంటుందో లేదో చూడడాన్ని ఆఫీసులో అలా అంటారు. పెద్దాయన తలూపి డ్రమ్ములు లిఫ్టులోకి ఎక్కించడంలో సాయం కూడా చేశాడు.

కొన్ని వారాలకు ఆ పెద్దాయనే మధుసూదనరావుకు ఎదురుపడి, మీ లోడ్ టెస్టు చాలా గట్టిగా జరుగుతోంది, కింద నా టీ కప్పు కూడా వణుకుతోందని చెప్పాడు. మధుసూదనరావు పొంగిపోయాడు. వెంటనే బ్యాంకుకు ఫోన్ చేశాడు. ఈ పని చూసే మిసెస్ టాన్ అనే పెద్ద ఆఫీసరు, అయితే శనివారం స్వయంగా వచ్చి చూస్తానంది.

సాంబమూర్తికి ఆ సంగతి శుక్రవారం సాయంత్రం తెలిసింది. ముగ్గురినీ కూర్చోబెట్టి, రేపు వాయిద్యాలు ముట్టుకోవద్దనీ, కంప్యూటర్ల ముందు బుద్ధిగా కూర్చోమనీ దాదాపు బతిమాలాడు. సరేనని తలలూపారు. ఇంటికెళ్ళి ఆ మాట తారాదేవికి చెబుతుంటే, మహతి పుస్తకంలోంచి తలెత్తింది.

"నాన్నా, బట్ ఐ ఆల్రెడీ పుట్ ఆన్ ది మెటల్ ఫ్యాన్స్ వెబ్‌సైట్ లా. సాటర్‌డే ఓపెన్ రిహార్సల్, ఎవరైనా రావచ్చు అని."

"ఎవరు చూస్తారే అవన్నీ," అన్నాడు సాంబమూర్తి.

శనివారం ఆయన వెళ్ళేసరికి క్యూ పదకొండో అంతస్తు నుంచి మెట్ల మీదుగా ఏడో అంతస్తు దాకా దిగి ఉంది. అందరూ నల్లచొక్కాల కుర్రాళ్ళు. సగంమంది జుట్టు భుజాల దాకా, అక్కడి కుర్రాళ్ళకు తప్పనిసరైన సైనిక శిక్షణలో ఉన్న తక్కిన సగంమందికి గుండ్లు. ముందే వచ్చినవాళ్ళు సింగపూర్ అలవాటు ప్రకారం గదిలో టిష్యూ ప్యాకెట్లు పరిచి చోట్లు ఆపుకున్నారు. సాంబమూర్తి వాళ్ళను ఇళ్ళకు పొమ్మన్నాడు. వాళ్ళు ఆయన్ను క్యూలో రమ్మన్నారు.

లోపల ట్రెవర్ డ్రమ్ముల వెనక కూర్చునే ఉన్నాడు. మాట ఇచ్చావు కదయ్యా అంటే, మా కోసం జనం బారులు తీరి ఎనిమిదేళ్ళయిందన్నాడు.

సరిగ్గా అప్పుడే లిఫ్టు తెరుచుకుని మధుసూదనరావు, మిసెస్ టాన్ దిగారు. ఆవిడ పొట్టిగా, చక్కగా ఇస్త్రీ చేసిన బూడిదరంగు సూటులో ఉంది. క్యూ చూసి, వీళ్ళెవరని అడిగింది. మధుసూదనరావు ఒక్క క్షణం ఆలోచించాడు.

"యూజర్స్, మేడమ్," అన్నాడు గర్వంగా. "లైవ్ యూజర్స్‌ని పిలిపించాం."

క్యూ చాలా క్రమశిక్షణగా ఉందని ఆవిడ మెచ్చుకుంది. అంతలో ట్రెవర్ కర్రలు నాలుగుసార్లు కొట్టాడు.

మొదటి సగం మెల్లిగానే నడిచింది. బరువైన రోలు ఈడ్చుకుపోతున్నట్టుంది. మిసెస్ టాన్ చెవులు మూసుకోలేదు, కానీ చేతిసంచీని గుండెలకు హత్తుకుంది. తర్వాత జోరు సగం వచ్చింది. కిటికీ అద్దాలు గొణిగాయి. యూజర్లు ఒకరి మీద ఒకరు పడ్డారు. గ్యారీ నోట్లోంచి వస్తున్నది ఏ భాషో మధుసూదనరావుకు అంతుపట్టలేదు. ఆయన నోరు తెరిచి ఏదో అంటున్నాడు, వినబడటం లేదు. చివరికి సాంబమూర్తి పోయి గోడకున్న ప్లగ్గు పీకాడు.

మిసెస్ టాన్ ఆయనవైపు తిరిగి, ఇది ఏమిటని అడిగింది. సాంబమూర్తికి అబద్ధాలు ఆడే సత్తువ కూడా మిగల్లేదు. పడవ రేవులో గొడవ నుంచి గుత్తివంకాయ దాకా ఉన్నదున్నట్టు చెప్పేశాడు. చెబుతున్నంతసేపూ మనసులో పెట్టెలు సర్దుకుంటూనే ఉన్నాడు. ఆవిడ అంతా విని, అయితే నా ప్రోగ్రాములేవి అంది.

జవాబు నీల్ దగ్గర్నుంచి వచ్చింది. గిటారు మెడలో వేలాడుతుండగానే, అవి అయిపోయాయన్నాడు. ఎప్పుడని అడిగితే, మూడు వారాలైందన్నాడు.

సాంబమూర్తి గోడకు ఆనుకున్నాడు. ఆ మూడు వారాలూ ఆయనకు కంటిమీద కునుకు లేదు. "మరి నాకెందుకు చెప్పలేదయ్యా?" అని తెలుగులోనే అడిగాడు. భావం వాళ్ళకు బాగానే అందింది.

పని అయిపోయిందంటే కాంట్రాక్టు అయిపోతుంది, ముగ్గురం మళ్ళీ మూడు ఊళ్ళకు పోవాలి, మెల్లి సగం ఇప్పుడిప్పుడే కుదురుతోంది అన్నాడు గ్యారీ, నేల చూపులు చూస్తూ.

మిసెస్ టాన్ చూపించమంది. నీల్ గిటారుతోనే కంప్యూటరు ముందు కూర్చుని తారీఖును రెండువేల సంవత్సరం జనవరి ఒకటికి మార్చాడు. ఖాతాలన్నీ కదలకుండా నిలబడ్డాయి. వడ్డీ సెంట్లతో సహా సరిపోయింది. నల్లచొక్కా కుర్రాళ్ళు కూడా వంగి చూశారు. ఆవిడ ఒకటికి రెండుసార్లు లెక్క సరిచూసి, కళ్ళజోడు తీసింది.

కౌలాలంపూర్, బ్యాంకాక్, జకార్తా, మనీలా శాఖల్లో ఇదే పని ఇంకా సగం కూడా కాలేదనీ, తనకు ఈ ముగ్గురే కావాలనీ చెప్పింది. వాళ్ళేం మోసుకొచ్చినా, శనివారాలు ఏం వాయించుకున్నా బ్యాంకుకు అభ్యంతరం లేదు, బ్యాంకు భవనంలో కాకపోతే చాలు. ఒక్క షరతు. వీళ్ళను విడిపోకుండా పట్టుకున్న ఈ పెద్దమనిషి కూడా వెంట ఉండాలి.

"వితౌట్ ఫెయిల్, మేడమ్," అన్నాడు మధుసూదనరావు, సాంబమూర్తి నోరు తెరిచేలోపు.

తారాదేవి సూట్‌కేసులో చొక్కాలతోపాటు ఆవకాయ సీసా, చెవుల్లో పెట్టుకోవడానికి దూది సర్దింది. తెలుగు సంఘంలో ఎవరైనా అడిగితే ఆయన ఏ పని మీద వెళ్ళాడని చెప్పాలో ఆవిడకు తెలియలేదు. సాఫ్ట్‌వేరనే చెప్పమన్నాడు సాంబమూర్తి. చాంగీ విమానాశ్రయంలో డ్రమ్ముల పెట్టెకు అదనపు సుంకం కట్టించుకుంటూ కౌంటరు అమ్మాయి, మేనేజరెవరని అడిగింది. ముగ్గురూ ఒక్కసారే ఆయనను చూపించారు.

రస్టెడ్ గాలోస్ చరిత్రలో ప్రతినెలా ఒకటో తారీఖున జీతాలు పడిన టూరు అదొక్కటే.