హనుమన్న అంగట్లో లేని మాత్రలు

శనివారం పొద్దున ఏసేపు వేసుకున్న పథకం చాలా చిన్నది. బస్సెక్కి కోయిలకుంట్లకు పోవాలి. హనుమన్న మందులంగట్లో భార్య కృపమణికి ఫిట్స్ మాత్రలు తీసుకోవాలి. మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరాలి. ఇందులో దారి తప్పడానికి ఏమీ లేదు.

"సోమవారం దాకే ఉండాయి మాత్రలు. మర్చిపోయి వచ్చేవు" అని కృపమణి గడప దగ్గర నిలబడి మరీ చెప్పింది.

"నేనేమన్నా చిన్నపిల్లోన్నా?" అన్నాడు ఏసేపు.

కొన్నేళ్ల కిందట కంది చేలో కలుపు తీస్తూ తీస్తూ కృపమణి కింద పడి గిలగిల కొట్టుకుంది. కర్నూలు డాక్టరు మాత్రలు రాసి, ఒక్క పూట కూడా మానకూడదని గట్టిగా చెప్పాడు. అప్పటినుంచి ఆమె అన్నం మానినా మానింది గాని మాత్ర మానలేదు. ఫిట్స్ కూడా మళ్లీ ఆ ఇంటి ముఖం చూడలేదు. ఆ మాత్రలు తెచ్చే పని ఏసేపుది. చర్చిలో ఆయన సంఘ పెద్ద. చెప్పిన మాట తప్పడని ఊళ్లో పేరు.

దారిలో ఒక ఊరి దగ్గర బస్సు ఆగిపోయింది. అక్కడ తిరునాల. రోడ్డు పక్క బీడు నేలలో ఎద్దుల బండలాగుడు పోటీలు జరుగుతున్నాయి. జనం రోడ్డు మీదికి పొంగిపొర్లారు. డ్రైవరు హారన్ కొట్టి కొట్టి విసుగొచ్చి, ఇంజను ఆపి తనూ దిగి చూడసాగాడు. ఏసేపు కిటికీలోంచి తల బయట పెట్టాడు.

ట్రాక్టరు కొన్న ఏడాది ఆయన తన కాడెద్దులను అమ్మేశాడు. అమ్మిన రోజు వాటి వెంట ఊరి పొలిమేర దాకా నడిచి, తిరిగొచ్చి అన్నం ముట్టకుండా పడుకున్నాడు. అప్పటినుంచి మంచి ఎద్దులు కంటపడితే చాలు, కాళ్లు ముందుకు పడవు. ఒక్క జత చూసి ఎక్కేద్దామని దిగాడు. బస్సు వెళ్లిపోయింది. దాని తర్వాతదీ వెళ్లిపోయింది. పాలనురుగులాంటి తెల్ల గిత్తల జత ఒకటి బండను ఈడ్చుకుంటూ దుమ్ములోకి దూసుకుపోతుంటే, సంఘ పెద్ద ఏసేపు భుజం మీది తువ్వాలు గాల్లో తిప్పుతూ అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు. ఆఖరి జత కాడి దించేసరికి పొద్దు వాలింది. అప్పుడు కోయిలకుంట్లకు పోయే బస్సు లేదు. ఊరికి పోయే ఆటో మాత్రం ఎదురుగా నిలబడి ఉంది.

"తెచ్చినావా?" అంది కృపమణి.

నిజం చెప్పాలనే ఏసేపు నోరు తెరిచాడు. కానీ కిందటి ఆదివారమే పాస్టరయ్య, తిరునాళ్లకు పోయి పొద్దు పాడుచేసుకోవద్దని సంఘానికి చెబితే, ముందు వరుసలోంచి అందరికంటే గట్టిగా "ఆమెన్" అన్నది ఆయనే.

"లేవంట" అన్నాడు. "హనుమన్న కాడ స్టాక్ అయిపోయిందంట. సోమవారం రమ్మన్యాడు."

"గొంతేమయింది?"

"దుమ్ము. దోవలో శానా దుమ్ముండాది."

సోమవారం మొదటి బస్సుకు పోయి మాత్రలు తెచ్చేస్తే ఎవరికీ నష్టం లేదు, తన అబద్ధం రెండు రోజులు బతికి చచ్చిపోతుంది అనుకున్నాడు ఏసేపు.

కృపమణి చేతులు ముడుచుకుని కూర్చునే మనిషి కాదు. ఆయన కాళ్లు కడుక్కునే లోపల కడపలో ఉండే చెల్లెలు కృపారాణికి ఫోన్ చేసింది. తుడుచుకునే లోపల కర్నూల్లో ఉండే తమ్ముడు జోసెఫ్‌కు చేసింది. జోసెఫ్ కరెంటాఫీసులో ఉద్యోగి. చెంబెడు నీళ్లడిగితే బావి తవ్వే రకం.

"నువ్వేం భయపడాకక్కా. కర్నూల్లో ఎన్నుంటే అన్నీ తెస్తా" అన్నాడు.

"ఇంత రచ్చ ఎందుకే? సోమవారం వస్తాయంటాంటే" అన్నాడు ఏసేపు.

"నువ్వూరికే ఉండు. అంగడోళ్ల సోమవారం ఏ వారం వస్తాదో ఎవురికి తెలుసు? పడి కొట్టుకునేది నేను, నువ్వు కాదు" అంది కృపమణి.

ఆదివారం ఆరాధనలో ఆమె ప్రార్థన మనవి ఇచ్చింది. పాస్టరయ్య కళ్లు మూసుకుని, కోయిలకుంట్ల అంగళ్లలో మందుల కొరత తీర్చమని దేవుణ్ణి వేడుకున్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. "మన పెద్ద ఏసేపు నిన్న ఎండలో అంగడి అంగడి తిరిగి, అడిగి అడిగి గొంతు కూడా పోగొట్టుకున్నాడు ప్రభువా, ఆ గొంతును ముట్టు" అని కూడా అన్నాడు. సంఘమంతా "ఆమెన్" అంది. ఏసేపు నోరు తెరిచాడు గాని మాట రాలేదు. గొంతు పోయిన సంగతి ఒక్కటే అందులో నిజం.

మధ్యాహ్నానికి ఆయన ఫోనుకు ఒక సందేశం వచ్చింది. "ఫిట్స్ మాత్రల తయారీ ఆగిపోయింది. ఆరు నెలల దాకా దొరకవు. అవసరం ఉన్నవాళ్లు వెంటనే కొనిపెట్టుకోండి. పది మందికి పంపండి." చదవగానే ఏసేపు అయ్యో, ఇప్పుడెట్లా అనుకున్నాడు. కాసేపటికి గాని అది తను కన్న బిడ్డేనని గుర్తుపట్టలేదు. జోసెఫ్ బంధువుల గ్రూపులో పెట్టిన ఒక్క ముక్క ఎన్ని ఊళ్లు తిరిగిందో, తిరిగిన ఊరల్లా ఎంత ఒళ్లు చేసిందో ఆ దేవుడికే తెలియాలి.

సోమవారం మొదటి బస్సు దిగేసరికి హనుమన్న అంగడి ముందు జనం రేషన్ అంగడి ముందున్నట్టున్నారు. హనుమన్న చెమటలు కక్కుతూ అందరికీ ఒకటే మాట చెబుతున్నాడు, లేవు, అయిపోయినాయి అని. ఏసేపును చూసి గబగబా బయటికొచ్చాడు. చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోయాడు.

"ఏసేపన్నా, తప్పయిపోయిందప్పా. ఇప్పుడే కృపమణక్క ఫోన్ చేసింది. శనివారం నువ్వొస్తే నేను లేవని పంపించినానంట?"

ఏసేపు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"శనివారం అరల నిండా ఉండె కదప్పా! ఉన్నది లేదని ఎట్ల చెప్పినానో, ఎందుకు చెప్పినానో. అసలు నువ్వొచ్చిందే నాకు గ్యాపకం లేదు." హనుమన్న గొంతు తగ్గింది. "మా నాయనకూ ఇట్లే మొదలైంది. ముందు మనుషుల్ని మర్చిపోయినాడు, తర్వాత ఇల్లు మర్చిపోయినాడు. ఇది మందులిచ్చే పనప్పా. ఒకటికొకటి ఇస్తే ప్రాణం పోతాది. అంగడి మూసేద్దామనుకుంటాండా."

ఇక చెప్పక తప్పదని ఏసేపు "హనుమన్నా, అది కాదు..." అన్నాడు. అంతలో ఒకామె జనాన్ని తోసుకుంటూ వచ్చి, ఖాళీ అయిన మాత్రల అట్టను హనుమన్న ముఖం ముందు పెట్టింది.

"అన్నా, ఒక్క అట్టన్నా చూడన్నా. మా ఆయనకి నిన్నటితో అయిపోయినాయి."

"ఈ పొద్దు తలుపు తీసిన గంటకే ఊడ్చుకపోయినారు భీమమ్మా. ఉంటే నీకియ్యనా? నంద్యాల్లో చూడు పో."

ఆమె మారు మాట్లాడకుండా అట్టను కొంగున ముడేసుకుని బస్టాండు వైపు నడిచింది. హనుమన్నను జనం మళ్లీ లోపలికి లాక్కుపోయారు. ఏసేపు ఊళ్లో ఉన్న మిగతా మందులంగళ్లన్నీ తిరిగాడు. ఎక్కడా ఒక్క మాత్ర లేదు. శనివారం నాడు తను తిరిగానని చెప్పిన తిరుగుడంతా సోమవారం నిజంగా తిరిగాడు.

ఇంటికి చేరేసరికి నడింట్లో మంచం మీద మాత్రల అట్టలు దొంతరలుగా పేర్చి ఉన్నాయి. పక్కన జోసెఫ్ గెలిచిన వస్తాదులా నిలబడి ఉన్నాడు.

"చూడు బావా! ఒక్క అంగడి కూడా వదల్లేదు. నేను పోయినాక కర్నూల్లో ఇంగొకడికి దొరికితే ఒట్టు. కడప నుంచి చిన్నక్క పంపినవి కూడా బస్సులో వస్తాండాయి."

ఏసేపు ఆ మంచం వైపు చూశాడు. ఖాళీ అట్టను కొంగున కట్టుకుని పోయిన భీమమ్మ కళ్ల ముందు కదిలింది. ఆయన గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. బస్సు ఆగిన దగ్గర్నుంచి తెల్ల గిత్తల దాకా, హనుమన్న తన మతి పోయిందని భయపడటం దాకా, భీమమ్మ ఖాళీ అట్ట దాకా అంతా చెప్పేశాడు.

కృపమణి చేతిలోని అట్టను మంచం మీద పెట్టింది.

"ఎద్దులు చూస్తా కూర్చున్యానని చెప్పింటే ఒక పూట తిట్టి ఊరుకుందును కదయ్యా" అంది. "సంఘమంతా నీ గొంతు కోసం ప్రార్థన చేసిరే. నేను కళ్లనీళ్లు పెట్టుకుంటినే."

ఆమె తనకు కావలసినవి నెలకు సరిపడా తీసి అలమారులో పెట్టుకుంది. మిగతావన్నీ సంచిలోకి ఎత్తి ఆయన ఒళ్లో పడేసింది.

"పో. హనుమన్నకిచ్చి, ఆ యమ్మ ఇల్లు యాడో అడుగు."

"నిన్నంతా తిరిగి తెచ్చినానక్కా!" అన్నాడు జోసెఫ్ ఏడుపు ముఖంతో.

ఏసేపు మళ్లీ వచ్చేసరికి హనుమన్న అంగట్లో జనం పలచబడ్డారు. ఏసేపు సంచి బల్ల మీద పెట్టి, ఈసారి ఊపిరి పీల్చుకోకుండా చెప్పేశాడు. హనుమన్న విన్నాడు.

"అయితే శనివారం నువ్వు నా అంగడికి రాలేదా?"

"రాలేదు."

"మెట్టు కూడా ఎక్కలేదా?"

"ఎక్కలేదు హనుమన్నా. చెప్పు తీసుకుని కొట్టు."

హనుమన్న స్టూలు మీద కూలబడ్డాడు. ఆయన కళ్లు నిండాయి. "అంటే నా మతి బాగానే ఉండాదప్పా!" అంటూ లేచి ఏసేపును గట్టిగా కావలించుకున్నాడు. చెప్పుతో కొట్టినా ఏసేపుకు అంత సిగ్గనిపించేది కాదు.

హనుమన్న సంచిలోని అట్టలన్నీ చూసి, భీమమ్మ వాళ్లకు రాసిన మోతాదువి వేరు చేశాడు. ఇద్దరూ స్కూటరు మీద బయల్దేరారు. నాపరాళ్ల గనుల పక్కన చిన్న ఊరు అది. భీమమ్మ ఇంటి ముందు నులక మంచం మీద ఆమె భర్త పడుకుని ఉన్నాడు. గడ్డానికి కట్టు, బుగ్గ వాచిపోయి ఉంది. ఆమె నంద్యాల్లో అంగళ్ల వెంట తిరుగుతుండగా ఇక్కడ ఫిట్స్ వచ్చి వాకిట్లో బండల మీద పడ్డాడట. పక్కింటోళ్లు ఆస్పత్రికి తీసుకుపోయి కుట్లేయించారట. నాలుక తెగి, మాట సరిగా రావడం లేదు.

ఏసేపు ఆ కట్టు వైపు చూడలేకపోయాడు. చూడకుండా ఉండనూ లేకపోయాడు.

హనుమన్న మాత్రలు ఇచ్చి, రేపు పొద్దున మళ్లీ డాక్టరుకు చూపించమన్నాడు. "ఈయన తెచ్చినాడమ్మా" అని ఏసేపును చూపించాడు. భీమమ్మ వంగి ఏసేపు కాళ్లకు మొక్కబోయింది. ఆయన బెదిరిపోయి వెనక్కి జరిగాడు.

"వద్దమ్మా. తప్పంతా నాది. నేనొక అబద్ధం చెప్పినా..."

మంచంలోంచి భర్త ఏదో మూలిగాడు. ఆమె పరుగెత్తి నీళ్లు తాగించి, నోరు తుడిచి వచ్చింది. ఏసేపు మొదలుపెట్టిన మాట ఆమె చెవిన పడనే లేదు.

"ఎవురో పాపిష్టోళ్లు అన్నీ కొనుక్కపోయి ఇండ్లల్లో దాచిపెట్టుకున్యారంట సామీ. నంద్యాల్లో ఒకటే మాట, లేవు లేవని. మీకు యాడ దొరికినాయి?"

"మా ఇంట్లో" అన్నాడు ఏసేపు.

ఇంట్లో వాడుకునేవే తీసి తెచ్చిచ్చాడనుకుని భీమమ్మ ఆయనకు ఇంకోసారి దండం పెట్టింది.