రెండు జెండాల కింద సోంబరు

ఆ ఉదయం మాజీ ఎమ్మెల్యే సోంబరు అనుకున్నది చాలా చిన్న పని. కొండ దిగి పాడేరు వెళ్లడం, అధికార పార్టీ కండువా కప్పించుకోవడం, పొద్దుగూకేలోగా ఇల్లు చేరడం. ఆయన పార్టీ మారితే ఊరికి రోడ్డు వేయిస్తానని ఆ పార్టీ మండల నాయకుడు, కాఫీ గింజల వ్యాపారి శ్రీనివాసరావు మాట ఇచ్చాడు. మనవరాలు రాజకుమారికి నెలలు నిండాయి. వెనకటికి ఆయన భార్య అసిరమ్మ పురిటి నొప్పులతో డోలీలోనే, సగం దారిలో ప్రాణం విడిచింది. అప్పుడాయన ఎమ్మెల్యే. అసెంబ్లీలో కూర్చుని ఉన్నాడు. అది తలచుకుంటే ఇప్పటికీ ఆయనకు ముద్ద దిగదు.

మోకాళ్లు మొరాయించడంతో ఆయనా డోలీ ఎక్కాల్సి వచ్చింది. పొడవాటి కర్రకు దుప్పటి కట్టి, ఊరి కుర్రాళ్లిద్దరు చెరో కొస భుజాన వేసుకున్నారు. అంతలో జల్లు మొదలైంది.

"తాతా, తడిసిపోతావు. కప్పడానికేటీ నేదా?" అన్నాడు ముందు కొస మోస్తున్న భీముడు.

"పాత పార్టీ జెండా ఉంది కదేటి! ఇంక దాంతో మనకి పనేటి? అదే కప్పీయే గుంటా" అన్నాడు సోంబరు మనవరాలితో.

ఊరేగింపులకు కుట్టించిన పెద్ద జెండా అది. రాజకుమారి దాన్ని తల నుంచి కాళ్ల దాకా కప్పింది. వెచ్చగా ఉండేసరికి ఆయనకు కునుకు పట్టేసింది.

ఎదుటి కొండ మీద కాఫీ తోటలో పనిచేసే వాళ్లు ఆ డోలీని చూశారు. ముఖం మీదుగా పార్టీ జెండా కప్పి మోసుకెళ్తున్నారంటే నాయకుడు పోయినట్టే కదా! ఎవరో ఫోటో తీశారు. ఫోటో ఆయనకంటే ముందే పాడేరు చేరింది.

డోలీ తారు రోడ్డు మీద దిగేసరికి జనం మూగి ఉన్నారు. ఏళ్ల తరబడి ఆయన ఫోను ఎత్తని పాత పార్టీ నాయకుడు ఉదయ్ పూలదండతో సిద్ధంగా ఉన్నాడు. "మా పార్టీ పెద్దదిక్కు పోయింది" అంటూ గొల్లుమన్నాడు.

"ఆగవయ్యా! ఇవాళ మా పార్టీలో చేరాల్సిన మనిషి. మావాడే" అంటూ శ్రీనివాసరావు తన జెండా కూడా పైన కప్పించాడు.

"బాబూ, తాత..." అని భీముడు ఏదో చెప్పబోయాడు. జోహార్ల హోరులో ఆ మాట ఎవరికీ వినపడలేదు.

ఆ గోలకు మెలకువ వచ్చి సోంబరు లేవబోయాడు. సరిగ్గా అప్పుడే శ్రీనివాసరావు ఫోను స్పీకర్లో మంత్రిగారు సంతాపం తెలిపి, సోంబరు జ్ఞాపకార్థం ఆ ఊరికి రోడ్డు వేయిస్తామని ప్రకటించారు.

భీముడు చటుక్కున వంగాడు. "తాతా, కదలకు. రోడ్డొత్తాది" అన్నాడు గుసగుసగా.

సోంబరు ఊపిరి బిగబట్టాడు. బతికి తేలేనిది చచ్చి తెస్తున్నాను కదా అనుకున్నాడు.

అవతలివాళ్లు రోడ్డే ఇచ్చేశాక ఉదయ్‌కి ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు. అందుకని గొంతు పెంచాడు. "అసిరమ్మగారు ఈ దారిలోనే పోయారు. మా అమ్మ పక్కనే ఉంది. ఆఖరిదాకా 'ఆయనొచ్చేడా, ఆయనొచ్చేడా' అని అడుగుతానే ఉన్నారంట. ఇన్నాళ్లకి ఆయనే ఆ తల్లి దగ్గరకి ఎల్లిపోయాడు!"

ఈ సంగతి సోంబరుకు ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు. దండ వేద్దామని శ్రీనివాసరావు జెండాలు తొలగించేసరికి, మూసిన కళ్ల నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి.

"ఓలమ్మో, శవం ఏడుస్తంది!" అని ఒక ఆడమనిషి కెవ్వుమంది.

సోంబరు లేచి కూర్చుని చేతులు జోడించాడు. "బాబూ, నాను బతికే ఉన్నాను. రోడ్డు మాత్రం ఆపీకండి. మా గుంటకి నెలలు నిండిపోనాయి."

"భలేవారండీ! అది మీ జ్ఞాపకార్థం ఇచ్చిన రోడ్డు. మీరుండగా ఎలా వేస్తారు?" అన్నాడు శ్రీనివాసరావు.

"పోనీ, పార్టీలో సేరిపోతాను. ఆ కండువా కప్పీయండి బాబూ."

"మంత్రిగారు సంతాపం చెప్పేశారు. ఇప్పుడెలా చేర్చుకుంటామండీ?"

సోంబరు ఉదయ్ వైపు తిరిగాడు. పార్టీ మారబోయిన మనిషితో తనకు మాటల్లేవన్నట్టు ఉదయ్ పూలదండతో సహా కారెక్కేశాడు. ఎవరి జెండా వాళ్లు పట్టుకుపోయారు. జల్లు పెద్దదైంది. తడిసిన ముసలాయన్ని మోసుకుంటూ డోలీ మళ్లీ కొండెక్కింది.

రోడ్డు రాకపోవడానికి కారణం సోంబరు బతికి ఉండటమేనని ఆ సాయంత్రం రెండు పార్టీలూ మొట్టమొదటిసారి ఒక్క మాట మీద నిలబడ్డాయి.